పక్కపక్కన పెట్టిన జవాబులు

వానలు మొదలైన పదో రోజున మా క్లాసు పైకప్పు కూలింది. ఉదయం పదకొండు గంటలవేళ. సారు బోర్డు మీద ఏదో గీస్తుంటే వెనక వరస మీద సగం కప్పు ఊడిపడింది. ఇద్దరికి కాళ్ళు విరిగాయి. ఒకతనికి నెత్తి పగిలి కళ్ళలోకి రక్తం కారుతుంటే, అక్క తన చొక్కా చెయ్యి చింపి కట్టు కట్టింది. అందరికంటే ముందు బయటికి పరిగెత్తిన వాళ్ళలో నేనొకణ్ణి.

అక్కా నేనూ ఒకే క్లాసు. నాకంటే మూడేళ్ళు పెద్దది. నాన్న లేతు మిషను వర్క్‌షాపులో పదిహేనో ఏటి నుంచీ పని చేస్తూ, ఆలస్యంగా మెకానికల్ డిప్లొమాలో చేరింది. నేను ఆర్డర్లు తెచ్చేవాణ్ణి, తయారైన సామాను ఇచ్చొచ్చేవాణ్ణి. ముందు వర్క్‌షాపు, వెనక రెండు గదులు. మిషను తిరిగితే వంటింట్లో గిన్నెలు కూడా వణికే ఇల్లు మాది.

కాలేజీ బాగయ్యేదాకా చదువంతా ఇంటర్నెట్‌లోనే అన్నారు. పాఠాల సంగతి ఎలా ఉన్నా, చర్చకి మార్కులు పెట్టారు. ప్రతి సోమవారం సారు కాలేజీ ఫోరంలో ఒక ప్రశ్న వేస్తారు, శనివారం లోపల ఒక్కొక్కరూ కనీసం రెండు పోస్టులు రాయాలి. మేం ఎనభై ముగ్గురం. అందులో ఆడవాళ్ళు పదకొండు మంది.

మొదటి వారం సారు విరిగిన పంపు షాఫ్టు ఫొటో ఒకటి పెట్టి, ఎందుకు విరిగిందో చెప్పమన్నారు. మా అందరికంటే ముందు ఫోర్‌మన్ రాశాడు. ఆయన పెద్ద పంపుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, నలభైకి దగ్గరపడ్డవాడు. ప్రమోషన్ కోసం ఫ్యాక్టరీయే పంపితే మాతో చదువుతున్నాడు. క్లాసులో అందరం ఆయన్ని ఫోర్‌మన్ అనే పిలిచేవాళ్ళం. "ఓవర్‌లోడ్. ఇందులో చర్చించడానికేముంది?" అని రాశాడు. కింద నలభై మంది అవునన్నారు.

అక్క ఆ ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత నిదానంగా ఇలా రాసింది. విరిగిన ముఖం మీద చక్రం జారకుండా చీల బిగించే గాడి మూల నుంచి అలల్లాంటి గీతలు పరుచుకున్నాయి, మూడింట రెండు వంతులు నున్నగా ఉంది, మిగతాది గరుకుగా ఉంది. ఒక్క దెబ్బకి విరిగితే మొత్తం గరుకుగా ఉండాలి. ఆ మూలలో సన్నటి పగులు పుట్టి నెలల తరబడి పెరిగింది. ఆ మూల కాస్త గుండ్రంగా చేసి ఉంటే ఈ షాఫ్టు విరిగేది కాదు.

రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజు ఫోర్‌మన్ రాశాడు. "గరిటె విరిగినప్పుడు మేడంని పిలుద్దాం. షాఫ్టులు మాకొదిలేయండమ్మా." ఇంకొకడు, "ఎవరు రాసిచ్చారు?" అన్నాడు. ఇంకొకడు ఆమెకి విడిగా పంపిన మాట ఒకటుంది, దాన్ని ఇక్కడ రాయను. ఫోర్‌మన్ మాట కింద ఇరవయ్యారు నవ్వు బొమ్మలు పడ్డాయి. వాటిలో ఒకటి నాది.

సారు ఎవరెన్ని పోస్టులు రాశారో లెక్క చూసుకున్నారు కానీ ఏం రాశారో చూడలేదు.

రెండో వారం అక్క ఏమీ రాయలేదు. మూడో వారం సారు విరిగిన ఇరుసు ఫొటో పెట్టారు. నాకేం తోచక అక్కని అడిగాను.

"మొదటి వారం నేను రాసిందే తీసుకో. షాఫ్టు అన్నచోట ఇరుసు అని మార్చు" అంది.

"అదే జవాబా?"

"అదే జబ్బు కదరా. జవాబు ఇంకోటెలా అవుతుంది?"

ఒక్క మాట మార్చి నా పేరుతో పెట్టాను. గంట తిరిగేసరికి ముప్ఫై ఒక్క లైకులు. ఫోర్‌మన్, "శభాష్ తమ్ముడూ. వర్క్‌షాపులో పెరిగినవాడంటే ఇలా ఉండాలి" అని రాశాడు. నేను గాల్లో తేలిపోతూ ఫోన్ తెచ్చి అక్కకి చూపించాను. ఆమె చేతులు తుడుచుకుని, అన్నీ మొదటినుంచి చివరిదాకా చదివింది. తర్వాత నోటుపుస్తకంలో ఏదో రాసుకుని మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. సంతోషించిందనుకున్నాను.

ఆ వారం నుంచి జవాబులు ఆమెవి, పేరు నాది. అక్క మాత్రం మార్కుల కోసం నా పోస్టు కిందే "అవును, నేనూ ఒప్పుకుంటున్నాను" అని రాసేది. మొదట్లో నాకు కొంచెం సిగ్గేసేది. రెండు వారాల్లో అలవాటైపోయింది. ఇంకో వారానికి, సగం నేనే ఆలోచించానని నమ్మాను. నాన్న వచ్చిన ప్రతివాడికీ ఫోన్ చూపించి, "మా వాడు రాస్తే ఫ్యాక్టరీ వాళ్ళే నోరు మూసుకుంటున్నారు" అనేవాడు. పక్కనే అక్క ఆ మాటలు వింటూ కడ్డీ నునుపు పడుతుండేది. తమ ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో ఉద్యోగం ఖాళీగా ఉందని, నా గురించి పైవాళ్ళతో మాట్లాడతానని ఫోర్‌మన్ నాకు ఫోన్ చేశాడు.

అక్కకీ ఒక ఫోన్ వచ్చేది. చేసేది మా క్లాసులోనే ఉన్న క్రేన్ నడిపే ఆవిడ. రేవులో ముప్ఫై టన్నుల పెట్టెలు ఎత్తి దించే మనిషి. ఒకసారి అక్క స్పీకర్ పెట్టి పని చేసుకుంటుంటే ఆ మాటలు నా చెవిన పడ్డాయి.

"నేనూ రాస్తానమ్మా. రాసి చెరిపేస్తాను. పోయిన వారం ఎవడో నా పోస్టు కింద 'బాగా చెప్పారు' అన్నాడు. వాడెవడని మా ఆయన చెంప పగలగొట్టాడు. చెవిలో ఇంకా హోరుమంటోంది."

"డాక్టరుకి చూపించారా?" అంది అక్క.

"దేనికి? పైన క్యాబిన్లో కూచుంటే ఎలాగూ హోరే."

అక్క ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకుంది.

ఏడో వారం, మంగళవారం. చినుకుల్లో సామాను ఇచ్చొస్తుంటే జేబులో ఫోన్ ఆగకుండా వణికింది. ఒక కొట్టు చూరు కింద నిలబడి తీశాను. ఫోరంలో అక్క పోస్టు.

మూడో వారం నుంచి తమ్ముడి పేరుతో వచ్చిన జవాబులన్నీ నావి, అని మొదలుపెట్టింది. మొదటి వారం తన పేరుతో రాసినదీ, మూడో వారం నా పేరుతో వచ్చినదీ పక్కపక్కన పెట్టింది. ఒక్క మాటే తేడా. ఒకదాని కింద గరిటె మాట, ఇంకోదాని కింద శభాష్ మాట, ఎవరన్నవి వాళ్ళ పేర్లతో సహా పెట్టింది. విడిగా వచ్చిన ఆ మెసేజి కూడా పెట్టింది. చివర లెక్క రాసింది. ఆరు వారాల్లో మొత్తం పదకొండు వందల నలభై పోస్టులు, అందులో ఆడవాళ్ళవి డెబ్భై నాలుగు, ఆ డెబ్భై నాలుగులో యాభై ఎనిమిది ఉత్త 'అవును'లు. "మాకు తెలియక రాయడం లేదనుకుంటున్నారు. రాస్తే ఏమవుతుందో తెలిసి రాయడం లేదు. తమ్ముడి పేరు వాడుకోవడం తప్పే. నా మార్కులు తీసేయండి" అని ముగించింది.

కింద నా మీద జోకులు అప్పుడే మొదలయ్యాయి. "అక్క కొంగు చాటు ఇంజనీరు" అన్నాడొకడు. ఫోర్‌మన్ నాకు విడిగా ఒకే మాట పంపాడు. "నీ ఉద్యోగం సంగతి మర్చిపో."

వానలో తడుస్తూ ఇంటికెళ్ళాను. అక్క మిషను మీద ఉంది. నన్ను చూసి, ముందు మిషను ఆపింది. ఆ పని చేసి ఉండకపోతే ఆమె ముఖం మిగిలేది కాదు.

"నాకు చెప్పకుండా ఎందుకు పెట్టావ్?"

"చెబితే పెట్టనిచ్చేవాడివా?"

"నా బతుకు బజార్న పడేశావ్."

"నీ బతుకేంటిరా అందులో? నాలుగు వారాల్లో నువ్వు రాసిన ముక్క ఒక్కటుంటే చూపించు."

పిడికిలి ఎత్తాను. ఆమె ముఖం పనిముట్టు బిగించే దిమ్మెకి కొట్టుకుంది. కింద కూలబడి, నోట్లోంచి ఏదో అరచేతిలోకి ఉమ్మింది. ముందుపన్ను. దాన్ని చూసి, మళ్ళీ నన్ను చూసింది. ఏడవలేదు. నేను ఇంకో రెండుసార్లు కొట్టాను.

వెనక గదిలోంచి నాన్న వచ్చాడు. నన్ను పక్కకి తోసేస్తాడనుకున్నాను. నా చేతిలో ఫోన్ తీసుకుని కళ్ళద్దాలు సరిచేసుకుంటూ మొత్తం చదివాడు. వచ్చిన ప్రతివాడికీ కొడుకు గురించి చెప్పుకున్న మనిషి. ముఖం నల్లబడిపోయింది.

"తీసెయ్" అన్నాడు అక్కతో.

"తీయను నాన్నా."

"నేను చెబుతున్నాను."

"నేను రాసిందాంట్లో ఒక్క అబద్ధం చూపించు, తీసేస్తాను."

మూలన మేకుకి పాత మిషను బెల్టు వేలాడుతుండేది. నాన్న దాన్ని దించాడు. అక్క గోడవైపు తిరిగి తల దాచుకుంది. బెల్టు లేచిన ప్రతిసారీ దానికున్న గ్రీజు గోడ మీదకి చిందింది. నేను అక్కడే నిలబడి చూశాను. చివరికి అమ్మ వచ్చి, గాల్లో ఉన్న బెల్టుని ఒట్టి చేత్తో పట్టుకుంది. అరచెయ్యి చీరుకుపోయింది. అయినా వదల్లేదు.

"ఇంక చాలండి" అంది. అంతే. గొంతు పెంచలేదు.

తర్వాత అమ్మే నేల కడిగింది. ఎవరైనా అడిగితే మెట్ల మీద జారిందని చెప్పమంది. అక్క బోర్లా పడుకునే ఫోన్ తీసి, పోస్టు ఇంకా ఉందో లేదో చూసుకుంది.

పోస్టు ఉంది. కింద మూడు వందల కామెంట్లు. అంత గోల జరిగితే గానీ సారు ఫోరం తెరిచి చదవలేదు. ఆయన దాన్ని కాలేజీకి పంపారు, కాలేజీ వాళ్ళు ఫోర్‌మన్‌కీ ఇంకో ముగ్గురికీ నోటీసులిచ్చారు. ఫోర్‌మన్ పనిచేసే ఫ్యాక్టరీకి కూడా ఒక కాపీ వెళ్ళింది.

శనివారం సాయంత్రం నాలుగు గంటలకి ఫోర్‌మన్ మా వర్క్‌షాపుకి వచ్చాడు. వెంట మా క్లాసువాళ్ళే ఇద్దరు. నాన్న కుర్చీలు వేయించి, ఇరుగుపొరుగు చూడకుండా షట్టరు సగానికి దించాడు. మాట్లాడుకుని తేల్చుకుందాం రమ్మని పిలిచింది నాన్నేనని నాకప్పుడు అర్థమైంది. అక్క బల్ల దగ్గర నిలబడి ఒక ఇత్తడి బుష్‌కి అంచులు ఆకురాయితో రాస్తోంది. పెదవి ఇంకా వాచే ఉంది.

ఫోర్‌మన్ మొదట మర్యాదగానే మాట్లాడాడు. "ఏదో సరదాకి అన్న మాటమ్మా. పిల్లలు గలవాణ్ణి. ప్రమోషన్ ఆపేశారు. ఆ పోస్టు తీసేసి, పొరపాటున పెట్టానని రెండు ముక్కలు రాయి."

"అందులో నావి రెండు జవాబులు. మిగతావన్నీ మీ మాటలే. మీ మాటలు మీరు వెనక్కి తీసుకోండి" అంది అక్క. పని ఆపలేదు.

"మీ నాన్న ముందు ఇంత మాట్లాడుతున్నావే."

"మీరు ఎనభై మంది ముందు మాట్లాడారు."

ఆయన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. అక్క కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని బల్ల మీద అదిమాడు. "వేళ్ళుంటేనే కదా రాస్తావు" అన్నాడు. అక్క విదిలించుకోబోయింది. "పట్టుకో తమ్ముడూ" అన్నాడు నాతో.

నేను అక్క భుజం మీద చెయ్యి వేశాను. ఆపడానికా, పట్టుకోవడానికా అని తర్వాత చాలామంది అడిగారు. చాలాకాలం నాకు తెలియదనే చెప్పాను. పట్టుకోవడానికే.

ఆయన రెండు వేళ్ళు పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎండుపుల్ల విరిగినట్టు రెండుసార్లు చప్పుడైంది. అక్క గొంతులోంచి వచ్చిన కేకకి నా చెయ్యి జారింది. ఎడంచేత్తో బల్ల మీద తడిమి రాగిసుత్తి అందుకుంది. మొదటి దెబ్బ ఆయన భుజం దగ్గర ఎముక మీద పడింది. రెండోది దవడ మీద. నోటి నిండా రక్తంతో ఇనుప తురుము కుప్పలో పడ్డాడాయన. మిగతా ఇద్దరిలో ఒకడు అక్క జుట్టు పట్టి నేలకేసి కొట్టాడు, ఇంకొకడు పొట్టలో తన్నాడు. నాన్న "ఆగండయ్యా, ఆగండి" అంటూ వాళ్ళ చుట్టూ తిరిగాడు. నేను వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాను.

అమ్మ లోపల్నుంచి వచ్చింది. ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ బతిమాలలేదు. మా అందరినీ దాటుకుని వెళ్ళి, షట్టరు పూర్తిగా పైకెత్తింది. ఆ చప్పుడుకి వీధి మొత్తం తల తిప్పింది. ఎదురుగా చెప్పులు కుట్టే ముసలాయన చేతిలో గూటంతోనే లోపలికొచ్చాడు. ఆయన వెనక ఇంకో పదిమంది.

ఆసుపత్రిలో అక్క కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టారు. రెండు పక్కటెముకలు చిట్లాయి. వరండాలో నాన్న నన్ను పక్కకి పిలిచాడు.

"ఆమె ఒంటి మీద ఎన్ని దెబ్బలున్నా అన్నీ వాడివే. విన్నావా? ఇంట్లో జరిగింది ఇంట్లోనే ఉండాలి. వాడెలాగూ లోపలికి పోతాడు. మనం ఎందుకు పోవడం?"

అమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. విననట్టే ఉంది.

పోలీసావిడ మంచం పక్కన కుర్చీ లాక్కుని కాగితాలు తీసింది. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. దవడ వాచి అక్క మాట్లాడలేకపోతోందని, ఆవిడ ముందు నన్ను అడిగింది.

"వేళ్ళు విరిచిందెవరు?"

"ఫోర్‌మన్."

"ముందు చెయ్యి చేసుకుందెవరు? ఆయన్ని మీ అక్కే సుత్తితో కొట్టిందని వాళ్ళంటున్నారు."

"ముందు ఆయనే. వేళ్ళు విరిచాకే అక్క కొట్టింది. ఆయన విరిచేటప్పుడు అక్క భుజం నేను పట్టుకునున్నాను."

ఆవిడ తలెత్తి నన్నొకసారి చూసి, రాసుకుంది. "పన్ను కూడా ఆయనేనా? గాయం కొంచెం పాతదిలా ఉంది."

గుమ్మంలో నాన్న దగ్గాడు. నేను అక్కవైపు చూశాను. ఆమె కదల్లేదు. నేను ఏం చెప్పబోతున్నానో ముందే తెలిసిన మనిషిలా, ఇంక వినాల్సిందేమీ లేనట్టు పడుకుని ఉంది. ఆ వీపుని చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. ధైర్యం అనను. అంతకంటే తక్కువదే ఏదో.

"కాదండి. పన్ను నేను" అన్నాను.

"వీపు మీద దెబ్బలు?"

నేను నాన్నవైపు చూశాను. అమ్మ వరండాలోంచి లేచి వచ్చి, చేతి గుడ్డ విప్పి, చీరుకుపోయిన అరచెయ్యి ఆ కాగితాల మీద పరిచింది.

"అవి వాళ్ళ నాన్న. మిషను బెల్టుతో. అడ్డం పోతే ఇది తెగింది" అంది.

ఫోర్‌మన్‌కి శిక్ష పడింది. ఆ ఇద్దరికీ పడింది. నేను పదకొండు రోజులు లోపలున్నాను, ఆ ఇంటి గడప తొక్కకూడదన్న షరతు మీద బయటికొచ్చాను. తర్వాత నాకు పడిన ఐదు నెలలూ అనుభవించాను. నాన్న జైలుకి పోలేదు కానీ, వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వర్క్‌షాపు అక్కా అమ్మా నడిపారు. అప్పటిదాకా ఆ గదిలోకి కాఫీ ఇవ్వడానికి తప్ప రాని అమ్మ, నలభై తొమ్మిదేళ్ళ వయసులో డ్రిల్లింగు నేర్చుకుంది.

శిక్ష పడకముందు, ఆ పదకొండు రోజులయ్యి బయటికొచ్చాక, నేను టైర్ల కొట్టు పైన ఒక గది తీసుకున్నాను. కాలేజీ నా చర్చ మార్కులు సున్నా చేసి, మిగిలిన మూడు వారాలు రాసుకోనిచ్చింది. ఫోరం తెరిచి, నేను లేని రోజుల్లో జరిగినదంతా చదివాను. అక్క పోస్టు తర్వాత క్రేన్ ఆవిడ మొదట రాసింది. "మూడో వారంలో నేను రాసి చెరిపేసిన జవాబు ఇది. ఇప్పుడు పెడుతున్నాను." తర్వాత ఇంకో నలుగురు అలాగే పాతవి తెచ్చి పెట్టారు. అన్నీ మంచి జవాబులే అని చెప్పను. కొన్ని తప్పులున్నాయి. వాటిని వాళ్ళలో వాళ్ళే దిద్దుకున్నారు. ఆ ఆడవాళ్ళలో ఇద్దరి ఫోన్లు ఇంట్లోవాళ్ళు లాక్కున్నారు, వాళ్ళు చదువే మానేశారు. సారు ఇప్పుడు ప్రతి పోస్టూ చదివి జవాబిస్తున్నారు. అక్క ఎడంచేత్తో రాస్తోంది కాబట్టి చిన్న చిన్న వాక్యాలు రాస్తోంది. వాటి కింద ఎవరూ నవ్వు బొమ్మ పెట్టలేదు.

చివరి వారం సారు ఒక పాడైన బేరింగు ఫొటో పెట్టారు. లోపలి రింగు మీద గుంతలు పడి ఉన్నాయి. ఆ ఫొటో ముందు ఒక రోజంతా కూర్చున్నాను. ఎవర్నీ అడగకుండా నా అంతట నేను రాసిన మొదటి జవాబు అది. నూనె అందక వేడెక్కి పాడైంది, అని ఎనిమిది వాక్యాలు రాశాను. నా పేరు చూసి ఎవరూ పలకరనుకున్నాను. మర్నాడు పొద్దున కింద ఒక జవాబు ఉంది. అక్క.

"మీ జవాబు సరికాదు. నూనె అందకపోతే లోహం నీలంగా మారుతుంది. ఇక్కడ రంగు మారలేదు. గుంతలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఏటవాలుగా పడ్డాయి. బేరింగు వంకరగా బిగించారు. ఫొటో మరొకసారి చూడండి."

ఎవరికైనా అలాగే రాసేది. ఎగతాళి లేదు, కోపం లేదు. మాటలు నేర్చిన దగ్గర్నుంచి నన్ను ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి. ఆ రెండు మాటలు, 'మీ', 'చూడండి', ఎన్నిసార్లు చదివానో తెలియదు. తర్వాత ఫొటో పెద్దది చేసి మరొకసారి చూశాను. ఆమె చెప్పిందే నిజం.

ఇది జరిగి ఆరేళ్ళయింది. సామాను కొట్టు దగ్గర అప్పుడప్పుడు ఎదురవుతుంది. తల తిప్పుకుని వెళ్ళిపోదు. నిలబడి పలకరిస్తుంది.

"బాగున్నారా?" అంటుంది.

బాగున్నానండి, అంటాను.